మౌంటెన్ బైక్‌కి ఏబీఎస్ కావాలా: నేను తేల్చుకున్న పద్ధతి

బ్రేకు పట్టినప్పుడు వెనక చక్రం లాక్ అయితే, అంటే తిరగడం ఆగి జారితే, నేల మీద గీత పడుతుంది. ముందు చక్రం లాక్ అయితే మనం పడతాం. మౌంటెన్ బైక్‌లో ఏబీఎస్ (చక్రం లాక్ అవకుండా బ్రేకు ఒత్తిడిని సర్దే ఏర్పాటు) గొడవంతా ఈ తేడాలోనే ఉంది. జర్మన్ కంపెనీ బాష్ ఈ-బైక్‌లకి (మోటారున్న సైకిళ్ళకి) చేసిన ఏబీఎస్ మొదట 2017లో వచ్చింది, చిన్నదీ తేలికైనదీ అయిన రెండో తరం 2022లో. రెండు చక్రాలకీ స్పీడ్ సెన్సర్లు ఉన్నా ఆ రెండు తరాల్లోనూ ఒత్తిడిని సర్దేది ముందు బ్రేకులోనే. వెనక చక్రం గాల్లోకి లేస్తోందా అని కనిపెట్టడానికి వెనక సెన్సర్ పనికొస్తుంది. కాబట్టి నేను తేల్చుకోవాల్సింది ఒకటే: ముందు బ్రేకు విషయంలో నా చూపుడువేలు చేయలేనిది ఈ యంత్రం ఏం చేస్తుంది?

దానికంటే ముందు మామూలు బ్రేకుని దారికి తెచ్చాను. ప్యాడ్‌కి నూనె అంటినా, లివర్ మెత్తగా లోపలికి పోతున్నా చక్రం ఎప్పుడు లాక్ అవుతుందో వేలికి తెలియదు. లోపం అక్కడుంటే ఏబీఎస్ లేకపోవడాన్ని తప్పుపట్టి లాభం లేదు. రోటర్ (చక్రంతో తిరిగే, ప్యాడ్లు పట్టే లోహపు పళ్ళెం) మందం కొలిచాను. షిమానో కంపెనీవి కొత్తగా ఉన్నప్పుడు 1.8 మి.మీ., 1.5కి అరిగితే మార్చేయాలి. ప్యాడ్ మీద పదార్థం 0.5 మి.మీ.కి చేరితే దాని పని అయిపోయినట్టే. లివర్ మెత్తగా ఉంటే లోపల గాలి చేరి ఉండొచ్చు, బ్లీడ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి. మినరల్ ఆయిల్ బ్రేకులో పొరపాటున కూడా డాట్ ఫ్లూయిడ్ (వేరే రకం బ్రేకు ద్రవం) పోయకండి, సీళ్ళు ఉబ్బి మొత్తం పాడవుతుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఒక్కో బ్రేకుని విడిగా సుమారు 20 సార్లు, ఓ మోస్తరు వేగం నుంచి నడక వేగం దాకా గట్టిగా పట్టి వదలాలి. పూర్తిగా ఆగకూడదు, చక్రం లాక్ అవకూడదు. చాలామంది వదిలేసేది సరిగ్గా ఈ పనినే. ఆ తర్వాత బ్రేకు కీచుమంటోందని కంపెనీని తిడతారు.

ఆగే దూరం పరీక్షని చదునైన గట్టి నేల మీద మొదలుపెట్టాను. సుద్దతో గీత గీసి, 25 కి.మీ. వేగంతో వచ్చి, గీత దగ్గర ముందు బ్రేకు పట్టి, ఆగాక గీత నుంచి ముందు ఇరుసు దాకా టేపుతో కొలవాలి. ఒక్కో నేల మీద పదిసార్లు. చేయి అలవాటు పడేవి కాబట్టి మొదటి రెండూ లెక్కలోకి రావు. నడుము వెనక్కి, మడమలు కిందికి ఉంచాలి. ఈ కొలతలో మోసం చేసేది వేగం. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 25కి బదులు 27తో వస్తే దూరం దాదాపు 17 శాతం ఎక్కువ. ఏబీఎస్ తేడా అనుకున్నది నిజానికి స్పీడోమీటర్ తేడా కావచ్చు.

లెక్క చూద్దాం. చదును మీద గురుత్వ త్వరణంలో సగం మేర వేగం తగ్గించగలిగితే 25 కి.మీ. నుంచి ఆగడానికి సుమారు 4.9 మీటర్లు పడుతుంది. అదే పట్టుతో 15 శాతం వాలు దిగుతుంటే దాదాపు 7 మీటర్లు. పట్టు ఆ సగం (0.5) నుంచి 0.3కి పడిపోయి, వాలు 30 శాతం దాకా ఉంటే ఏ బ్రేకూ ఆపదు, ఏబీఎస్ ఉన్నా అంతే. ఇక గట్టి నేల మీద నిటారుగా కూర్చుని తొక్కే సైకిల్‌కి అసలు హద్దు టైరు పట్టు కాదు, వెనక చక్రం లేచి తలకిందులవడం.

ఏబీఎస్ విలువ నాకు దారికి అడ్డంగా ఉన్న తడి చెట్టు వేర్ల దగ్గర అర్థమైంది. 25 కి.మీ. వేగంలో సైకిల్ సెకనుకి దాదాపు 7 మీటర్లు పోతుంది. 10 సెం.మీ. వేరు దాటడానికి పట్టేది సెకనులో డెబ్భయ్యో వంతు. అంత చప్పున వేలూ స్పందించలేదు, ఏబీఎస్ కూడా వేరు మీద ఉండగానే పెద్దగా ఏమీ చేయలేదు. అసలు ప్రమాదం వేరు దాటాక. జారి లాక్ అయిన చక్రం వేలు వదిలేదాకా లాక్‌లోనే ఉంటుంది. వేలు కదలడానికి 0.2 సెకన్లు పట్టిందనుకున్నా 1.4 మీటర్లు అలా జారిపోతాం, హ్యాండిల్ కాస్త వంకరగా ఉందా, నేల మీదే. ఏబీఎస్ ఆ 1.4 మీటర్లని బాగా కుదిస్తుంది. తడి బండ మీదా, గట్టి మట్టిపై సన్నటి దుమ్ము ఉన్నచోటా అంతే.

వదులు కంకర మీద కథ తిరగబడుతుంది. లాక్ అయిన టైరు ముందు గుప్పెడు రాళ్ళు పోగవుతాయి, ఆ కుప్పే సైకిల్‌ని ఆపుతుంది. ఏబీఎస్ ఒత్తిడి వదిలినప్పుడల్లా చక్రం ఆ కుప్పనెక్కి దాటిపోతుంది, కాబట్టి ఆగే దూరం పెరగొచ్చు. బదులుగా హ్యాండిల్ మాట వింటుంది. ఎదర మలుపుంటే ఆ బేరం మంచిదే, గోడ ఉంటే కాదు. రెండో తరంలో కార్గో, టూరింగ్, ఆల్‌రోడ్‌లతో పాటు ట్రయిల్ అని వేరే అమరిక పెట్టిందీ ఇలాంటి నేలల కోసమే.

నడక వేగంతో మెట్లు దిగేచోట దీని మీద ఆశ పెట్టుకోలేదు. 10 కి.మీ. వేగంలో 29 అంగుళాల చక్రం సెకనుకి ఒకటింబావు సార్లు కూడా తిరగదు. సెన్సర్‌కి అందే సంకేతాలు పలచబడతాయి, అక్కడ వేలే నయం.

మామూలు సైకిల్‌కి దీన్ని తర్వాత బిగించుకోవడం కుదరదు. బాష్ మోటారు, బ్యాటరీ ఉన్న సైకిల్‌కి తయారీలోనే రావాలి. హెచ్చరిక దీపం వెలిగి ఏబీఎస్ పనిచేయకపోయినా బ్రేకు మామూలు బ్రేకుగా పడుతుంది. అందుకే దీపం సంగతి బయల్దేరగానే చూడాలి: మొదట వెలిగి, సుమారు 5 కి.మీ. వేగం వచ్చేసరికి ఆరిపోవాలి. ఆరకపోతే సెన్సర్‌కి బురద పట్టిందా, వైరు ఊడిందా చూడండి.

బరువైన ఈ-బైక్ మీద, తడి దారుల్లో, బ్రేకు పట్టులో ఇంకా చేయి తిరగనివాళ్ళకి కొనమంటాను. కంకర వాలులే ఎక్కువగా దిగేవాళ్ళు ఆ డబ్బుతో ముందు మంచి టైర్లూ, 203 మి.మీ. రోటరూ వేసుకోండి. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) ఆ సైజుని ఒప్పుకుంటుందో లేదో మాత్రం కొనే ముందే చూసుకోవాలి.