అట్ట వెనుక పేర్లను పట్టుకుని

రాక్, జాజ్ రికార్డుల సేకరణ మొదలుపెట్టాలనుకునేవారికి ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటి ప్రకారం కొనుక్కుంటూ పోతే అల్మరా నిండుతుంది గాని, ఒక రికార్డుకూ మరొక రికార్డుకూ ఉన్న చుట్టరికం తెలియదు. అందుకే ఒక్క ఆల్బమ్‌తో మొదలుపెట్టి, దాని అట్ట వెనుక ఉన్న పేర్ల వెంట, దాన్ని విని మారిపోయినవారి వెంట ముందుకు సాగమని చెబుతాను.

ఆ మొదటి ఆల్బమ్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో వెలువరించిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’. న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిని మార్చి కట్టుకున్న కొలంబియా స్టూడియోలో, మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో దీన్ని రికార్డు చేశారు. జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ శాక్సొఫోన్లు, బిల్ ఎవాన్స్ పియానో, పాల్ ఛాంబర్స్ బేస్, జిమ్మీ కాబ్ డ్రమ్స్ వాయించారు. ఒక్క పాటకు మాత్రం పియానో వద్ద వింటన్ కెల్లీ కూర్చున్నారు. అప్పటి జాజ్‌లో వాద్యకారుడు వేగంగా మారిపోయే కార్డ్‌ల (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయికల) వెంట పరుగెత్తవలసి వచ్చేది. ఇక్కడ కార్డ్‌లు తక్కువ కావడంతో, ఒకే స్వరశ్రేణి మీద చాలాసేపు నిలిచి దాన్ని విస్తరించే వీలు చిక్కింది. రాగాలాపన విని పెరిగిన చెవికి జాజ్‌లోకి ఇంతకంటే సులువైన ప్రవేశం నాకు తెలిసి మరొకటి లేదు.

కొనేముందు ఒక సంగతి గమనించాలి. మార్చి రికార్డింగ్ నాడు టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడం వల్ల, మొదటి వైపున్న మూడు పాటలూ అసలుకంటే కొద్దిగా హెచ్చు శ్రుతిలో వెలువడ్డాయి. 1992లో గాని దీన్ని సరిదిద్దలేదు. పాత ప్రతి అపురూపమైనదే, కాని వినడానికి శ్రుతి సరిచేసిన ప్రతినే తీసుకోవాలి.

ఈ రికార్డు రాక్‌లోకి కూడా ప్రవహించింది. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో ‘బ్రీద్’ అనే పాటలోని ఒక కార్డ్‌ను దీని నుంచే గ్రహించినట్లు ఆ బృందంలో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ స్వయంగా చెప్పారు. అంతకంటే లోతైన బంధం అమెరికన్ రాక్ బృందం ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌ది. డ్యువాన్ ఆల్‌మన్ మైల్స్‌నూ కోల్ట్రేన్‌నూ విడవకుండా విన్న గిటారిస్టు. 1971 మార్చిలో న్యూయార్క్ వేదిక మీద రికార్డు చేసిన ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’లో చివరి పాట ఒక్కటే 23 నిమిషాలు సాగి ఎల్పీ ఒక వైపంతా ఆక్రమిస్తుంది, అయినా ఎక్కడా సాగదీసినట్లు అనిపించదు. దీని నిర్మాత టామ్ డౌడ్ గతంలో కోల్ట్రేన్ ‘జయంట్ స్టెప్స్’ ఆల్బమ్‌కు రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేశారని గుర్తుంచుకుంటే, ఈ రాక్ ఆల్బమ్‌లో జాజ్ ఇంత స్వేచ్ఛగా ఊపిరి తీసుకోవడం వింతగా తోచదు. అదే ఏడాది అక్టోబరులో, 24 ఏళ్ల వయసులో, డ్యువాన్ మోటారుసైకిల్ ప్రమాదంలో మరణించారు. రాక్‌లో ఒకే ఒక్క ప్రత్యక్ష కచేరీ రికార్డు కొనగలిగితే ఇదే కొనండి.

కోల్ట్రేన్ పేరు పట్టుకుని వెళ్తే ‘ఎ లవ్ సుప్రీమ్’ తప్పనిసరి. 1964 డిసెంబరు 9న, ఒక్క రోజులో, నలుగురు కలిసి వాయించిన నాలుగు భాగాల ప్రార్థన అది. చివరి భాగంలో కోల్ట్రేన్ తాను రాసి అట్ట మీద అచ్చువేయించిన కవితను శాక్సొఫోన్‌తో చదువుతారు. కవితను కళ్ల ముందు పెట్టుకుని వింటే ఏ పదం ఎక్కడ పలుకుతోందో తెలుస్తుంది; అట్ట లేని ప్రతి కొనవద్దని అనేది ఇందుకే. ఆయన భార్య ఆలిస్ కోల్ట్రేన్ 1971లో తెచ్చిన ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’లో తంబూరా నాదం మీద ఆమె హార్ప్ వినిపిస్తుంది.

మైల్స్ 1969 ఆల్బమ్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ అట్ట మీద జాన్ మెక్‌లాఫ్లిన్ పేరు కనిపిస్తుంది. ఇంగ్లండు నుంచి అమెరికా చేరిన కొద్ది రోజులకే ఆయన అందులో గిటారు వాయించారు. తర్వాత తన బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ చేసి, తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో శక్తి బృందాన్ని నెలకొల్పారు. ఆ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కూడిన తర్వాత పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అందులో చేరారు. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’లో మెక్‌లాఫ్లిన్ గిటారుకు ఆయన ఇచ్చే జవాబుల్లో గమకం ఎంత శుద్ధంగా ఉంటుందో, జాజ్ చొరవ కూడా అంతే ఉంటుంది. మన తెలుగు ఇళ్లలో శ్రీనివాస్ కర్ణాటక కచేరీల క్యాసెట్లు దాచుకున్నవారు ఎందరో ఉన్నారు; వాటి పక్కన ఈ రికార్డును కూడా చేర్చమని వారిని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.