వెన్నెలకు రంగెందుకు

శనివారం.

పొద్దున్నే ఇంట్లో చిన్న గొడవ. నేను ఫోన్లో ఘంటసాల ‘పుష్పవిలాపం’ పెట్టిన సమయానికే మా ఆవిడ సజ్జ పట్టుకుని నందివర్ధనం చెట్టు దగ్గర నిలబడింది. “పూజయ్యాక పెట్టుకోకూడదూ? అది వింటూ పూలెలా కోస్తారండీ ఎవరైనా” అంది. కట్టేశాను. కోయొద్దని పూలు ఏడ్చే ఆ కరుణశ్రీ గారి పద్యానికి అంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది!

గుంటూరు కొత్తపేటలో ఉంటాం కాబట్టి నా నడక ఏసీ కాలేజీ మీదుగానే. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, అంటే మన కరుణశ్రీ గారు, తెలుగు పాఠాలు చెప్పిన కాలేజీ. ఇంట్లో ఆగిపోయిన పాటని ఆ గోడ పక్కన నడుస్తూ ఇయర్‌ఫోన్లలో పూర్తి చేశాను. ఒక మాట చెప్పాలి. ‘ఉదయశ్రీ’లో ఈ ఖండికని కళ్లతో చదువుకుంటే నాకు తీపి కాస్త ఎక్కువైనట్టుంటుంది. పువ్వు ఏడుస్తుంది, మళ్లీ ఏడుస్తుంది, ఇంకా ఏడుస్తుంది. ఈ ముక్క గుంటూరులో పైకి అంటే మీదకొస్తారు గనక డైరీలో రాసుకుంటున్నాను. రికార్డులో మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం ప్లేటు మీద ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. సాగదీద్దామన్నా చోటుండదు. నాటకాల వాళ్లలాగా పద్యం చివర ఊపిరి ఆగేదాకా రాగం తీయడం ఘంటసాల దగ్గర కనపడదు. తీయాల్సినంత తీసి దించేస్తాడు. మధ్యలో మామూలు గొంతుతో రెండు మాటలు చెప్పి, మళ్లీ పద్యం అందుకుంటాడు. ఏడుపు పువ్వుది, తనది కాదు అన్నంత ఎడం పాటిస్తాడు. అందుకే వినేవాడికి గొంతు పట్టేస్తుంది. ‘కుంతీకుమారి’ కూడా గొప్పదే కానీ నా లెక్కలో దీని తర్వాతే.

మధ్యాహ్నం మా మేనల్లుడు దిగాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. ముద్దపప్పు, దోసావకాయ తిని, టీవీ ముందు కాళ్లు బారజాపి ‘మాయాబజార్’ పెట్టాడు. అదీ రంగుల్లో.

“బ్లాక్ అండ్ వైట్ లేదట్రా?”

“ఉంది మావయ్యా. కావాలనే ఇది పెట్టా. నీకు పాతదంటే భక్తి, అంతే. చూడకుండానే దణ్ణం పెట్టేస్తావు.”

సరే చూద్దామని కూర్చున్నాను. 1957 నాటి సినిమాకి రంగులు వేసి 2010లో హాళ్లలో వదిలారు. అబద్ధం ఎందుకు, ‘వివాహ భోజనంబు’ రంగుల్లో బాగానే ఉంది. మాధవపెద్ది సత్యం గొంతుకి ఎస్వీ రంగారావు ఆ చూపులు చూస్తుంటే, అప్పుడే భోంచేసిన నాకూ గారెల మీదకి మనసు పోయింది. పట్టుచీరలూ నగలూ కూడా ఒప్పుకుంటాను. కానీ ‘లాహిరి లాహిరి’ రాగానే ఒళ్లు మండింది. అక్కడున్నది కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో అన్నీ వాడుకుని కట్టిన వెన్నెల అది. నీళ్ల మీద ఎక్కడ మెరవాలో, సావిత్రి చెంప మీద ఎక్కడ ఆగాలో ఆయనకి తెలుసు. దాని మీద రంగు పూస్తే వెన్నెల పోయి రంగు మిగిలింది. కమ్మగా కాచిన నెయ్యిలో ఎసెన్సు చుక్కలు వేసినట్టుంది నా ప్రాణానికి.

అదే మాట అన్నాను. వాడు ఊరుకునే రకం కాదు. “మరి ‘గీతాంజలి’ని బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తావా?” అన్నాడు.

గట్టి ప్రశ్నే. వాడు పుట్టకముందు, 1989లో వచ్చిన సినిమా, అయినా నాకంటే వాడికే పిచ్చి ఎక్కువ. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. కెమెరామన్ పి.సి. శ్రీరామ్ చేతిలో రంగుల ఫిల్ము ఉండి కూడా సగం రంగుల్ని ఊటీ మంచులో ముంచేశాడు. తర్వాతెవరో వచ్చి తీసేసినవి కావవి, ఆయనే వద్దనుకున్నవి. చెప్పాను.

“అంటే తీసినవాడు చేస్తే ఒప్పు, పక్కవాడు వేలు పెడితే తప్పు. అంతేనా?”

“ఇంచుమించు అంతే.”

“అయితే ‘లాహిరి లాహిరి’ బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిదిగా? ఆయన తప్పుకుంటే ఘంటసాల వచ్చి వాద్యాలవీ చూసుకున్నాడని నువ్వే చెప్పావు పోయినసారి. అది పక్కవాడి వేలు కాదా?”

వెధవకి అన్నీ గుర్తే. అది సినిమా ఇంకా వండుతుండగా జరిగిన పని, వడ్డించి యాభై ఏళ్లయ్యాక జరిగింది కాదు అన్నాను. పైగా ఆ పాటలో సాలూరి ఎక్కడ ఆగాడో, ఘంటసాల ఎక్కడ అందుకున్నాడో అతుకు కనపడదు. రంగుల సినిమాలో నాకు ప్రతి ఫ్రేములోనూ అతుకే కనిపిస్తోంది. వాడు ఒప్పుకోలేదు. “నీకు ముందే తెలుసు కాబట్టి కనిపిస్తోంది” అన్నాడు. దానికి నా దగ్గర సరైన సమాధానం లేదు, కాఫీ తాగుతావా అని లేచాను.

పాటల దగ్గర మాత్రం కొంచెం రాజీ కుదిరింది. ‘గీతాంజలి’ క్యాసెట్ మొత్తం వేటూరి, ఇళయరాజా. వాడికి ‘జగడ జగడ జగడం’. పోనీ, ఆ వయసు. లోకానికి ‘ఓ పాపా లాలి’. నాకు ‘ఆమని పాడవే’. బాలు గొంతు తగ్గించి పాడినప్పుడే ఎక్కువ పాడతాడని నా నమ్మకం, ఆ పాట దానికి సాక్ష్యం. చావు దగ్గర పడ్డవాడు వసంతాన్ని పాడమని అడుగుతున్నాడు, ఎక్కడా గొంతు వణికించడు. పొద్దున ఘంటసాల గురించి రాసిందే మళ్లీ రాస్తున్నాను. నాకు నచ్చేవన్నీ ఇలాంటివే కాబోలు.

సాయంత్రం వాణ్ణి స్కూటర్ ఎక్కించుకుని మూడు వంతెనల కింద నుంచి బృందావన్ గార్డెన్స్ వెళ్లాను. వెంకటేశ్వరస్వామి గుడిలోని అన్నమయ్య గ్రంథాలయం వాడెప్పుడూ చూడలేదట, ఊళ్లో పుట్టి! వాడికి ‘బుడుగు’ ఇచ్చి, నేను ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’ పట్టుకున్నాను. స్వాతిలో సీరియల్‌గా వచ్చినప్పుడు వారం వారం చదివినదే. ఆకలి గురించి అంత నవ్విస్తూ రాసినవాడు మనకి ఇంకొకడు లేడు. మద్రాసు చిన్నతనం ఉన్న మొదటి భాగం బంగారం. ‘ఇంకోతి కొమ్మచ్చి’, ‘ముక్కోతి కొమ్మచ్చి’కి వచ్చేసరికి సినిమా వాళ్ల పేర్లు ఎక్కువై, కోతి కొమ్మ మీద కంటే నేల మీదే ఎక్కువసేపు ఉంటుంది. రమణ అభిమానులు క్షమించాలి. నేనూ అభిమానినే.

మేనల్లుడు బుడుగు బొమ్మలు చూపించి “ఇవి కూడా నలుపు తెలుపే మావయ్యా, వీటికి రంగులేస్తే నువ్వు కోర్టుకెళ్తావేమో” అన్నాడు. బాపు గీతకి రంగేస్తే తప్పకుండా వెళ్తాను.

వచ్చే శనివారం వాడి వంతు. మూడు గంటల పైన ఉన్న కొత్త సినిమా ఏదో చూపిస్తాడట. ఇంటర్వెల్‌లో లేచి ఇంటికి పోనని ముందే ఒట్టు వేయించుకున్నాడు.