నాయకుడి వీడియో బయటపడితే ముందు ఫోను కాపాడాలి

ఒక ఎమ్మెల్యేదో, మంత్రిదో, పేరున్న స్వామీజీదో వీడియో బయటికొచ్చిందంటే బెజవాడలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లో పడుతుంది. మధ్యాహ్నానికి యూట్యూబ్ ఛానళ్లు ముఖం మసక చేసి వేస్తాయి. సాయంత్రం ఒక పార్టీ ప్రెస్‌మీట్, దానికి రెండో పార్టీ కౌంటర్. మర్నాడు సదరు నాయకుడు అది మార్ఫింగ్ అంటాడు. ఇంత గోలలో ఆ వీడియోలో ఉన్న మనిషికి అన్యాయం జరిగిందా, జరిగితే కేసు కోర్టులో నిలబడుతుందా అని ఆలోచించేవాళ్లు చాలా తక్కువ. వీడియో చేతులు మారేకొద్దీ నాయకుడి పరువు పోతుందేమో గానీ, కేసు మాత్రం బలహీనపడుతుంది. బాధితురాలి పక్కన నిలబడే అన్నకో, స్నేహితురాలికో, ఊళ్లో విలేకరికో ఈ సంగతి తెలిసుంటే సగం కేసు బతుకుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

2022 ఆగస్టులో మన రాష్ట్రంలోనే ఒక ఎంపీది అంటూ వీడియో తిరిగింది. అది నకిలీదని ఆయన అన్నారు. అనంతపురం జిల్లా పోలీసులు పరిశీలించి చెప్పింది ఇది: తిరుగుతున్నది ఒరిజినల్ కాదు, ఒక ఫోను తెర మీద ఆడుతున్న వీడియోను ఇంకో దాంతో తీసింది, ఎన్నో ఫార్వర్డులు అయింది, ఒరిజినల్ దొరికితే తప్ప నిజమో కాదో తేల్చలేం. రాష్ట్రమంతా చూసిన వీడియో గురించి చట్టం చెప్పగలిగింది అంతే.

ఎందుకలా అవుతుంది? వాట్సాప్‌లో వీడియో మామూలుగా పంపితే అది సైజు తగ్గించి పంపుతుంది. ఏ ఫోనుతో తీశారు, ఏ తేదీన, ఏ సమయానికి అనే సమాచారం ఊడిపోతుంది. ఫైలు పేరు కూడా మారిపోతుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్ళేటప్పుడు ప్రతి ఫైలుకూ హ్యాష్ విలువ అని ఒకటి తీస్తారు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరుస. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా ఆ వరుస మొత్తం మారిపోతుంది. అంటే ఒరిజినల్‌కూ వాట్సాప్ కాపీకీ హ్యాష్ ఎప్పటికీ కలవదు. ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి. పాత చట్టంలో ఇది 65బీ. సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అసలు ఫోనునే యజమాని స్వయంగా కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. కొత్త చట్టంలో సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. మొదటిది ఫోను ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హ్యాష్ విలువ రాయాలి. ఫోను అమ్మేసి, పెన్‌డ్రైవ్ మాత్రం పట్టుకొచ్చిన వాళ్లకు కష్టం మొదలయ్యేది ఈ ఫారం దగ్గరే.

కాబట్టి వీడియో గానీ, కాల్ రికార్డింగు గానీ, అసభ్యమైన మెసేజ్‌లు గానీ ఉన్న ఫోనును ఆ రోజు నుంచి వాడకుండా పక్కన పెట్టడం మంచిది. సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకోవచ్చు. రీసెట్ కొట్టకూడదు. వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. తెర పగిలింది కదా అని సెల్ రిపేరు షాపులో ఇవ్వనే ఇవ్వకూడదు, వీడియోలు అక్కడి నుంచే బయటికి పోయిన కేసులున్నాయి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ నంబరు వస్తుంది, దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే, ఇంకో ఫోనుతో ఆ తెరను ఆపకుండా వీడియో తీయాలి, పంపినవాడి నంబరూ తేదీ కనిపించేలా. విడి స్క్రీన్‌షాట్ల కంటే ఇది నయం. కాపీ ఎవరికైనా ఇవ్వాల్సివస్తే, లాయరుకు మాత్రమే, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా, కేబుల్ పెట్టి నేరుగా ఎక్కించినా ఫైలు మారదు. పార్టీ ఆఫీసుకో ఛానల్‌కో ఒరిజినల్ ఇచ్చారంటే మాత్రం అది ఇక మీది కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను: ఎదుటి పార్టీవాళ్లు న్యాయం చేస్తామని వచ్చి ఫోను అడిగితే ఇవ్వొద్దు. వాళ్లకు కావాల్సింది ఎన్నికల దాకా పనికొచ్చే వీడియో.

సీసీటీవీ సంగతి ఇంకా తొందర పని. గాంధీనగర్ లాడ్జి అయినా, హైవే మీద పెద్ద హోటలైనా, రికార్డరులో డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. చాలాచోట్ల రెండు వారాల నుంచి నెలలోపే పోతుంది. ఫిర్యాదులోనే హోటల్ పేరు, తేదీ, సమయం రాసి, ఫుటేజీనీ రిజిస్టరునూ వెంటనే స్వాధీనం చేసుకోవాలని కోరితే, తర్వాత పోలీసులు మర్చిపోయామనడానికి వీలుండదు.

కర్ణాటకలోని హాసన్ కేసు చూడండి. 2024 ఏప్రిల్‌లో, పోలింగుకు ముందు, అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ వీడియోలున్న పెన్‌డ్రైవ్‌లు ఆ నియోజకవర్గమంతా పంచారు. ఆడవాళ్ల ముఖాలు కూడా దాచలేదు. అది న్యాయం కోసం చేసిన పని ఎంతమాత్రం కాదు, ఆ ఆడవాళ్ల మీద జరిగిన రెండో దాడి. అయినా 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక కోర్టు ఆయనకు జీవిత ఖైదు వేసింది. ఆ శిక్షకు ఆధారం ఊరంతా తిరిగిన పెన్‌డ్రైవ్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఇంట్లో పనిచేసిన మహిళ ముందుకొచ్చి కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఆమె చీర దొరికింది, దాని మీద డీఎన్ఏ దొరికింది. వీడియో వాటికి తోడైంది.

అందుకే బట్టల మాట కూడా చెప్పాలి. ఉతకకూడదు. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ పట్టి బూజొస్తుంది, డీఎన్ఏ పాడవుతుంది. నీడలో ఆరబెట్టి, ఒక్కో బట్టనూ విడిగా కాగితం సంచిలో పెట్టాలి. వైద్య పరీక్ష మూడు రోజుల లోపయితే దొరికే ఆధారాలు ఎక్కువ, ఎంత ముందయితే అంత మంచిది. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే కాదు, ప్రైవేటు ఆసుపత్రిలోనైనా అత్యాచార బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఎఫ్ఐఆర్ కాగితం తెస్తేనే చూస్తామనడం చట్టవిరుద్ధం. పరీక్షకు ఆమె ఒప్పుకోలు తప్పనిసరి.

ఇక ఫిర్యాదు. ఇక్కడ జనాన్ని ఎక్కువగా భయపెట్టే మాట ఒకటుంది: ఎమ్మెల్యే మీద కేసు పెట్టాలంటే స్పీకర్ అనుమతి కావాలి, మంత్రి మీదైతే గవర్నర్ అనుమతి కావాలి అని. స్టేషన్‌లోనే ఈ మాట చెప్పి పంపించేస్తారు. లైంగిక నేరాల్లో అది చెల్లదు. పబ్లిక్ సర్వెంట్ అయినా సరే, అత్యాచారం, లైంగిక వేధింపులు, చాటుగా వీడియో తీయడం, వెంటపడటం లాంటి నేరాలకు ముందస్తు మంజూరు అక్కర్లేదని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 218లోనే రాసి ఉంది. ఎమ్మెల్యేను అరెస్టు చేస్తే సభాపతికి తెలియజేయాలి, సభ ఆవరణలో అరెస్టుకు అనుమతి కావాలి, అంతవరకే.

ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నదీ అడ్డంకి కాదు. తెనాలిలో జరిగినా విజయవాడలో ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి. నాయకుడి సొంత ఊరి స్టేషన్‌కు పోకుండా ఉండటానికి ఇదే దారి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఈ నేరాల్లో బాధితురాలి వాంగ్మూలం మహిళా అధికారే రాయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. కట్టకపోతే ఫిర్యాదును పోస్టులో పై అధికారికి పంపాలి: గుంటూరులో అయితే జిల్లా ఎస్పీకి, విజయవాడ కమిషనరేట్ కాబట్టి పోలీస్ కమిషనర్‌కు. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోవాలి, అదుంటేనే తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 175 కింద వెళ్ళడం తేలిక. ఇలాంటి నేరాల్లో ఫిర్యాదు తీసుకోని అధికారికి బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 199 కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు ఉంది. స్టేషన్‌లో ఈ సెక్షన్ నంబరు మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

ఫిర్యాదులో ఏ సెక్షన్ అని రాయాల్సిన పని లేదు, జరిగింది రాయాలి. కానీ ఒక వివరం వదిలేస్తే కేసు స్వభావమే మారిపోతుంది: ఆయన ఏం ఆశ చూపించాడు. ఉద్యోగం ఇప్పిస్తానని, ప్రమోషన్ వేయిస్తానని అబద్ధం చెప్పి శారీరకంగా లొంగదీసుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా బీఎన్ఎస్ సెక్షన్ 69 కింద 10 ఏళ్ల దాకా శిక్ష పడే నేరం. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు, అప్పు తీర్చలేని ఆడవాళ్లను వడ్డీ వ్యాపారులు లొంగదీసుకున్నారన్న ఆరోపణలు వచ్చాయి. అలాంటి చోట ప్రామిసరీ నోటు నకలు, ఖాళీ చెక్కుల నంబర్లు, వడ్డీ కట్టిన ఫోన్‌పే రికార్డు, ఇవన్నీ ఒత్తిడికి సాక్ష్యాలే. సిఫారసు లేఖ, బదిలీ ఉత్తర్వు, ఆఫీసు నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ కూడా అంతే.

నాయకుడి ఆఫీసులో జీతానికి పనిచేసే మనిషైతే 2013 నాటి పని ప్రదేశ వేధింపుల చట్టం వర్తిస్తుంది. యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు, లేదా పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నప్పుడు, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వాలి. గడువు 3 నెలలు, కారణం చూపితే మరో 3 నెలలు. పార్టీ కార్యకర్తలకే పెద్ద లోటు. పార్టీకీ కార్యకర్తకూ యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ పెట్టాల్సిన బాధ్యత లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. జెండా మోసే ఆడవాళ్లకు పోలీస్ స్టేషన్ తప్ప వేరే గడప లేకుండా పోయింది. ఇది చట్టసభలు సరిచేయాల్సిన అన్యాయం.

ఫిర్యాదు తర్వాత వచ్చేది రాజీ ఒత్తిడి. ఊరి పెద్దలు వస్తారు, బంధువులు వస్తారు, డబ్బు వస్తుంది. అందుకే మేజిస్ట్రేటు ముందు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 183 వాంగ్మూలం త్వరగా ఇవ్వడం ముఖ్యం. పోలీసు దగ్గర చెప్పినదాని కంటే దానికి విలువ ఎక్కువ. బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం కింద అర్జీ పెట్టాలి. దాన్ని జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీ చూస్తుంది, పోలీసుల నుంచి బెదిరింపు స్థాయి నివేదిక తెప్పించుకుంటుంది.

వీడియోలో ఇద్దరూ ఇష్టపడి ఉన్నారనుకోండి, అప్పుడు కథ వేరు. 2018లో సుప్రీంకోర్టు అడల్టరీ (వివాహేతర సంబంధం) సెక్షన్ కొట్టేసింది, ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదు. అక్కడ నేరస్థుడు వీడియో బయటపెట్టినవాడే. తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం బీఎన్ఎస్ సెక్షన్ 77 కింద నేరం. ఐటీ చట్టం 66ఈ, 67ఏ కూడా పడతాయి. 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. ఫార్వర్డ్ చేసిన వాడికీ ఇవే. వీడియోలో ఉన్నది 18 ఏళ్లలోపు పిల్లయితే ఫోనులో ఉంచుకోవడమే నేరం.

విలేకరులకూ, యూట్యూబ్ ఛానళ్ల వాళ్లకూ ఒక మాట. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే బీఎన్ఎస్ 72 కింద 2 ఏళ్ల దాకా జైలు. పేరు ఒక్కటే కాదు, ఎవరో తెలిసిపోయే ఏ వివరమూ రాకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊళ్లలో మండలం పేరు, భర్త చేసే పని, ఆమె పనిచేసే ఆఫీసు, ఈ మూడూ రాస్తే చాలు, పేరు రాసినట్లే. ముఖం మసక చేసి చీరా గొంతూ అలాగే వదిలేయడం, ఇంటి వీధి చూపించడం, ఇవి రోజూ జరుగుతున్న తప్పులు. గొంతు మార్చాలి, గాజులూ పుట్టుమచ్చలూ కనపడకూడదు, ఫ్రేములో ఆమె ఉండకపోవడమే అన్నిటికంటే మేలు.

నెట్‌లోంచి వీడియోను తొలగింపజేయాలంటే ఫిర్యాదుతో పాటే ఆ పని కూడా మొదలుపెట్టాలి. సైబర్ క్రైం హెల్ప్‌లైన్ 1930 డబ్బు మోసాలకని అందరూ అనుకుంటారు, కానీ జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో మహిళలూ పిల్లల నేరాలకు విడిగా విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. లింకులు ఒక్కొక్కటీ పూర్తిగా కాపీ చేయాలి, ఫేస్‌బుక్‌లో ఉంది అంటే సరిపోదు. నగ్న దృశ్యాల మీద బాధితురాలు గానీ, ఆమె తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే సంస్థ 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నియమాలు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువు 2 గంటలకు తగ్గింది. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటులో అయితే వీడియో ఎవరికీ పంపక్కర్లేదు, మీ ఫోనులోనే హ్యాష్ తీసి అది మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి ఇస్తుంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని మాత్రం అది ఆపలేదు. తొలగింపజేసేముందు ప్రతి లింకునూ తేదీతో సహా స్క్రీన్ రికార్డు చేసి పెట్టుకోకపోతే, ఎవరు పెట్టారో తర్వాత రుజువు చేయడం కష్టం.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లు చాలామంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. అక్కడ ఇచ్చే లాయరుకు ఆ పార్టీతో సంబంధాలున్నాయనిపిస్తే మార్చమని అడగొచ్చు.