స్పెయిన్ వాళ్ల కోటలో మద్రాసు సిపాయిలు

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఇంట్రామురోస్, అంటే స్పెయిన్ వాళ్లు చుట్టూ గోడ కట్టుకున్న పాత ఊరు, చూసొచ్చినవాళ్లలో రెండు జట్లుంటాయి. ఫోటోలు భలే వచ్చాయనేవాళ్లు ఒకటి, ఎండకి మాడిపోయామనేవాళ్లు ఇంకొకటి. నేను రెండో జట్టు. మే నెలలో ఆ ఊళ్లో నడిచే టూరు పెట్టుకోవడం తెలివైన పని కాదు గానీ, టీచర్లకి సెలవులు దొరికేది అప్పుడే. మనవాళ్లని 2025 జూన్ నుంచి 14 రోజుల వరకూ వీసా లేకుండానే రానిస్తున్నారు కదా, ఆ తలనొప్పి తప్పింది. అలా మిగిలిన డబ్బు టూరు వాళ్లు పట్టుకుపోయారు.

మా అన్నయ్య కూతురు అక్కడ మెడిసిన్ చదువుతోంది. ఇంటి నుంచి ఎవరొచ్చినా ఆ గోడల చుట్టూ తిప్పీ తిప్పీ దానికి విసుగొచ్చేసింది. "నువ్వు సోషల్ టీచర్‌వి, నీకు గైడుంటేనే బాగుంటుంది అత్తా. నేను భోజనాల వేళకి వచ్చి కలుస్తా" అని ఫోన్లోనే బుక్ చేసి పడేసింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడకకి మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు. అందులో కోట టికెట్టు కలవదు, చర్చి మ్యూజియం టికెట్టు కలవదు. మంచినీళ్ల సీసా ఒకటి కలుస్తుంది.

గైడు పాతికేళ్ల కుర్రాడు. నెత్తిన గడ్డి టోపీ, భుజానికి సంచీ, సంచీలో లామినేషన్ చేయించిన పాత ఫోటోల కట్ట. శాంటియాగో కోట గుమ్మం ముందు మమ్మల్ని నిలబెట్టి జోకులతో మొదలుపెట్టాడు. స్పెయిన్ వాళ్లు మూడొందల ఏళ్లు మమ్మల్ని చర్చిలో కూర్చోబెట్టారు, అమెరికా వాళ్లొచ్చి యాభై ఏళ్లు సినిమా హాల్లో కూర్చోబెట్టారు అని. అక్కడ అందరూ చెప్పే పాత జోకే అది. మాతో వచ్చిన కొరియా జంట తెగ నవ్వారు. నేనైతే, లెగాస్పి అనే స్పెయిన్ సేనాని 1571లో ఊరికి పునాది వేసిన దగ్గర్నుంచి వరసగా చెప్తాడేమోనని చిన్న నోట్‌బుక్ తీసి పట్టుకున్నాను. మొదటి అరగంట అందులో ఒక్క ముక్కా రాయలేదు.

కోటలో అందరూ చూసేది హోసే రిసాల్‌ని, స్పెయిన్ పాలనని ఎండగట్టిన రచయితని, ఖైదు చేసిన చోటు. 1896 డిసెంబర్ 30న అక్కడి నుంచే ఆయన్ని నడిపించుకెళ్లి కాల్చేశారు. ఆ ఆఖరి నడక గుర్తుగా దారి పొడవునా లోహపు అడుగులు పొదిగారు. స్కూలు పిల్లలు ఆ అడుగుల మీదే గెంతుకుంటూ పోతున్నారు. ఎవరూ అదిలించకపోవడం నాకు నచ్చింది.

చిరాకు అసలు మొదలైంది అక్కడి నుంచి. టూరుకి పెట్టిన పేరేమో స్పానిష్ వారసత్వం. "ఇది స్పెయిన్ వాళ్లు కట్టిందేనా?" అని నేనడిగినప్పుడల్లా కుర్రాడు "కాదు మ్యామ్" అంటాడు. కోట ముఖద్వారం? రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది, మళ్లీ కట్టారు. కేథడ్రల్? 1958లో పూర్తయింది, అక్కడ లేచిన ఎనిమిదో చర్చి అది. కాసా మనీలా, అంత ముచ్చటైన పాతకాలపు మేడ? అప్పటి అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ పూనుకుని 1980ల్లో కట్టించిన నమూనా ఇల్లు. ఆ ఇంటి కిటికీలకి గాజు బదులు చదరాలుగా కోసిన ఆల్చిప్పలు బిగించారు. గోటితో తడితే సన్నగా మోగింది. ఎండ వాటిలోంచి పాలల్లో వడకట్టినట్టు లోపలికొస్తోంది. ఈ రకం ఆల్చిప్పలు మన కాకినాడ తీరంలోనూ ఉన్నాయని చెప్తే గైడు తలూపి ముందుకు నడిచాడు. నమ్మాడో లేదో.

పాపం, నా "కాదు"ల లెక్క అతనికీ తగిలినట్టుంది. అందర్నీ గోడ పైకెక్కించి, సంచీలోంచి ఒక ఫోటో తీసి, ఎదురుగా ఉన్న దృశ్యానికి సరిపోయేలా చెయ్యి చాచి పట్టుకున్నాడు. 1945. ఫోటోలో వీధులు లేవు, ఇళ్లు లేవు, ఇటుక కుప్పలు మాత్రం ఉన్నాయి. జపాన్ సైన్యం ఈ గోడల మధ్య నక్కి లొంగనంది, అమెరికా ఫిరంగులు గోడలతో సహా పిండి చేశాయి. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలాలో చచ్చిపోయిన మామూలు జనం లక్ష దాకా ఉంటారు. లోపలున్న ఏడు చర్చిల్లో నిలబడింది ఒక్క శాన్ అగుస్తిన్. ఇది చెప్పేటప్పుడు కుర్రాడు ఒక్క జోకూ వెయ్యలేదు. గోడ కింద మాత్రం ఎవరో తాపీగా గోల్ఫ్ ఆడుతున్నారు. ఒకప్పటి కందకాన్ని అమెరికా వాళ్లు పూడ్చేసి గోల్ఫ్ మైదానం చేశారట, ఇప్పటికీ అదే. వినగానే ఒళ్లు మండింది.

శాన్ అగుస్తిన్‌లో పెళ్లి జరుగుతోంది. అక్కడ పెళ్లి లేని రోజుండదట. అందుకని మ్యూజియం వైపు నుంచి మెట్లెక్కి, వెనకాల పాటగాళ్లు కూర్చునే అరుగు మీదకి వెళ్లాం. కింద తెల్ల గౌనులో పెళ్లికూతురు, పైన మాకు చేతికందేంత దగ్గరగా కప్పు. పువ్వులు, తీగలు, గళ్లు గళ్లుగా చెక్కిన సున్నపు పని అనుకున్నాను. వాటి నీడలు కూడా కనిపిస్తున్నాయి. అదంతా నున్నటి కప్పు మీద వేసిన రంగు! 1875లో ఇద్దరు ఇటలీ చిత్రకారులు వేశారు. తెలిశాక కూడా కన్ను ఒప్పుకోదు. 1607లో పూర్తయిన చర్చి ఇది, భూకంపాలకి ఆగింది, బాంబులకి ఆగింది.

గుమ్మం దగ్గర కాపలాకి రాతి సింహాలున్నాయి, చైనా గుళ్ల ముందు ఉండే రకం. స్పెయిన్ వాళ్ల చర్చికి ఇవేంటని అడిగితే కుర్రాడికి హుషారొచ్చింది. ఊళ్లో రాతిపనీ వడ్రంగమూ వ్యాపారమూ చాలావరకు చైనావాళ్ల చేతుల్లోనే ఉండేవట. వాళ్లు లేనిదే ఊరు నడవదు, అయినా గోడల లోపల కాపురం ఉండనివ్వరు. బయట పరియాన్ అనే పేటలో ఉండాలి, అదీ కోట ఫిరంగులకి అందేంత దూరంలో. ఇక డబ్బంటారా, మెక్సికో వెండి. అకపుల్కో నుంచి ఏటా ఓడ వస్తే పండగ, మునిగితే ఊరంతా దివాలా. 1565 నుంచి 1815 దాకా అదే బతుకు. ఆ వెండికి బదులుగా పట్టూ పింగాణీతో పాటు మన కోరమాండల్ తీరపు నూలు గుడ్డలు కూడా ఈ రేవు మీదుగానే మెక్సికోకి వెళ్లేవి. ఊరి మీద పెత్తనం కూడా మెక్సికో వైస్రాయి ద్వారానే నడిచేది. మరి ఇందులో స్పెయిన్ ఎక్కడుందని అడిగాను. "పన్నుల్లో మ్యామ్" అన్నాడు. ఇది మంచి జోకు.

అప్పుడడిగాడు, ఏ దేశమని. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అని మళ్లీ అడిగాడు. మద్రాసుకి పైన, సముద్రం పక్కనే అన్నాను, అక్కడివాళ్లకి ఆంధ్ర అంటే తెలీదని.

"మద్రాసా! అయితే మీవాళ్లు ఈ చర్చిని దోచుకున్నారు" అన్నాడు.

కొరియా జంట నా వైపు చూశారు. అప్పటికి తీశాను నోట్‌బుక్.

1762లో బ్రిటన్‌కీ స్పెయిన్‌కీ యుద్ధం వచ్చింది. బ్రిటిష్ సైన్యమూ ఈస్టిండియా కంపెనీ వాళ్లూ కలిసి మద్రాసులో ఓడలు ఎక్కి మనీలా మీదకి బయల్దేరారు, సేనాపతి విలియం డ్రేపర్. ఆ దండులో కంపెనీ సిపాయిలు ఆరొందల మంది దాకా ఉన్నారు. మద్రాసు సిపాయిలంటే తమిళులు, తెలుగువాళ్లు, ముస్లింలు అందరూ ఉన్నదే. సెప్టెంబర్‌లో ఓడలు కనిపించేదాకా యుద్ధం మొదలైన సంగతే మనీలాకి తెలీదు. ఊరిని చూసుకుంటున్నది ఒక ఆర్చిబిషప్పు. నైరుతి మూల బురుజు దగ్గర గోడకి గండి కొట్టి, అక్టోబర్ 6న లోపలికి దూరారు. ఊరు దోచుకున్నారు, ఈ చర్చితో సహా. మిగిలినదానికి 40 లక్షల డాలర్లు కప్పం అడిగారు. రెండేళ్లకి కాస్త తక్కువగా కూర్చుని 1764లో వెళ్లిపోయారు. సిపాయిల్లో కొందరు మాత్రం వెళ్లలేదు. ఊరికి తూర్పున కైంటా అనే చోట అక్కడి అమ్మాయిల్ని పెళ్లి చేసుకుని ఉండిపోయారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు.

ఇన్నేళ్లు ఎనిమిదో తరగతికి ప్లాసీ, బక్సర్, కర్ణాటక యుద్ధాలు చెప్తూ వచ్చాను. మా పాఠంలో మద్రాసు సిపాయి ఎప్పుడూ మైసూరు దాకానో బెంగాల్ దాకానో వెళ్తాడు. పసిఫిక్ అంచుకి వచ్చి ఒక చర్చి తలుపులు బద్దలు కొట్టినట్టు ఏ పుస్తకంలోనూ లేదు. కుర్రాడు దీన్ని నింద వేసినట్టు చెప్పలేదు, దూరపు చుట్టరికం కలిపినట్టు చెప్పాడు. కానీ రెండు నిమిషాలే చెప్పాడు. ఇంకా అడగబోతే బృందం ఐస్‌క్రీం దగ్గరికి వెళ్లిపోయింది. నాకైతే ఆ రిసాల్ గదీ కాసా మనీలా మంచాలూ తీసేసి, టూరు మొత్తం ఈ సింహాల గురించీ సిపాయిల గురించే పెట్టినా ఫరవాలేదు.

టూరు అయ్యాక గుర్రబ్బండి వాడొకడు పట్టుకున్నాడు. నన్ను చూడగానే "బొంబాయ్!" అని కేకేసి, "ఫైవ్-సిక్స్?" అని నవ్వాడు. అక్కడ మోటార్ సైకిళ్ల మీద తిరిగి అప్పులిచ్చేవాళ్లు ఎక్కువగా పంజాబీలట. ఐదిస్తే ఆరు కట్టాలి, అదీ లెక్క. నేను వడ్డీకిచ్చే మనిషిలా కనిపించానా అనుకుంటూ నడిచాను. అరగంటకి 500 పెసోలని వెనకాలే వచ్చి, వీధి చివరకొచ్చేసరికి అది ఒక్క మనిషికట, ముగ్గురెక్కితే మూడింతలట. ఎక్కినా నేనొక్కదాన్నే కదా అంటే గుర్రం వైపు తిరిగి ఏదో అన్నాడు.

మేనకోడలు వచ్చేసరికి ఒంటిగంటన్నర. సిపాయిల కథ చెప్పగానే "అయితే కరే-కరే తినాల్సిందే అత్తా, అది వాళ్లు నేర్పిందేనంటారు" అంది. మామూలుగా ఎద్దు తోకతో చేస్తారు. మాకు చేపలూ రొయ్యలూ వేసింది తెప్పించింది. మట్టి కుండలో వచ్చింది. వంకాయ ముక్కలు, అరటిపువ్వు, పొడుగు చిక్కుళ్లు, అన్నీ పల్లీల గుజ్జులో. చూపులకి అచ్చం మన గుత్తి వంకాయే. నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు ఊసే లేదు. పక్కన గిన్నెలో రొయ్యల ముద్ద ఒకటి, బగోంగ్ అంటారు, అది నంచుకుంటేనే దానికి ప్రాణం వచ్చేది. మద్రాసు నుంచి వచ్చినవాడు మిరపకాయ లేకుండా కూర నేర్పాడంటే నేను నమ్మను. ఎవరో తర్వాత అల్లిన కథే అయ్యుంటుంది. అయినా కుండ ఖాళీ చేశాం.

కైంటా వెళ్దామన్నాను. ఇరవై కిలోమీటర్ల లోపే గానీ ఆ వేళప్పుడు ఓర్టిగాస్ రోడ్డు మీద రెండు గంటలు పడుతుందంది, పైగా మర్నాడు తనకి పరీక్ష. సరే, నీ పట్టా పండక్కి వచ్చినప్పుడు మొదట అక్కడికే వెళ్దాం అన్నాను.

"ముందు పాథాలజీ పాసవ్వనీ అత్తా" అంది.