స ప స మ ప స

మా పెద్దమ్మాయి గదిలో గిటారు శ్రుతి చేసుకుంటే వంటింట్లోకి వినబడుతుంది. ఏళ్ల తరబడి వింటూనే ఉన్నా ఎప్పుడూ చెవిన పెట్టలేదు. మూడేళ్ల కిందట ఒక శనివారం బెండకాయలు తరుగుతున్నాను. తను లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఆరింటినీ ఒక్కొక్కటే నెమ్మదిగా మీటింది. నాకు తెలియకుండానే నోట స్వరాలు వచ్చేశాయి. స, ప, పై స, మ, ప, ఆ పై స. కత్తి పక్కన పెట్టి వెళ్లి తలుపు తట్టాను.

"ఇదేం శ్రుతే తల్లీ?"

"డాడ్‌గాడ్ అంటారమ్మా. డి, ఎ, డి, జి, ఎ, డి."

గిటారుకి మామూలుగా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేస్తారట. అందులో మూడు తీగల్ని కొంచెం కొంచెం వదులు చేస్తే ఇదవుతుంది. డేవీ గ్రాహం అనే ఇంగ్లండు గిటారిస్టు 1960ల మొదట్లో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగ వాద్యం వాయించేవాళ్లతో కలిసి వాయించాలని ఇలా మార్చుకున్నాడని చెబుతారు. ఇదంతా తను చెబుతోంది కానీ నా చెవుల్లో తంబురా మోగుతోంది. డి ని షడ్జమం, అంటే స, అనుకుంటే కింద స ప స, పైన మ ప స. పదేళ్లు చిన్నపిల్లల సంగీతం క్లాసుల బయట కారులో కూర్చున్న తల్లిని. ఆ మాత్రం గుర్తుపట్టగలను.

మేముండేది బోస్టన్‌కి పడమటి వైపు. ఆష్లాండ్‌లోని లక్ష్మీదేవి గుడి మాకు దగ్గర. ఇక్కడి తెలుగువాళ్ల పిల్లలందరిలాగే మా ఇద్దరికీ శనివారం సంగీతం, ఆదివారం తెలుగు. పెద్దది ఏడో ఏట సరళీ వరసలు మొదలుపెట్టింది. మాయామాళవగౌళ రాగంలో దాని గొంతు కుదురుగా పలికేది. పన్నెండో ఏట ఒక శనివారం పొద్దున్న కారు దిగనంది. బతిమాలాను, కోప్పడ్డాను. "అమ్మా, ఇందులో అంతా ముందే తయారై ఉంది. నేను తప్పు లేకుండా అప్పచెప్పాలి, అంతే. నాకు ఏదైనా నేనే కట్టాలనుంది" అంది. అప్పుడది నాకు పొగరులాగే వినబడింది. మాది విజయనగరం. సంగీత కళాశాల ఉన్న ఊరు. చేతిలో ఉన్న విద్యను పన్నెండేళ్లకే వదిలేసే పిల్లను కన్నానా అని ఆ రాత్రి ఏడ్చాను. అందులో ఎంత నిజం ఉందో, తను ఎంత స్పష్టంగా చెప్పిందో అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

డిగ్రీ అయ్యాక ల్యాబ్‌లో ఉద్యోగం చేసింది. ఏడాది తిరగకుండానే మానేసింది. వారంలో నాలుగు సాయంత్రాలు పిల్లలకి గిటారు నేర్పుతానని, మిగతా టైమంతా పాటలు రాసుకుంటూ ఒక్కతే వాయిస్తూ తిరుగుతానని చెప్పింది. మా వారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు: "బ్యాండ్ కూడా లేదా?" ఆ ప్రశ్న వెనక ఉన్న టెన్షన్ నాకు తెలుసు. డబ్బు సంగతి తర్వాత. ఆడపిల్ల ఒంటరిగా గిటారు పెట్టె వెనక సీట్లో వేసుకుని రాత్రి పదకొండింటికి ప్రావిడెన్స్ నుంచో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుంచో మంచులో డ్రైవ్ చేసుకుంటూ రావడం. స్టేజి మీద గొంతు పట్టేస్తే అందుకునేవాళ్లు పక్కన లేకపోవడం. "ఒక్కతే" అన్న మాట మా ఇద్దరికీ భయంగానే వినబడింది.

ఆ భయం కాస్త సర్దుకున్నది మా అమ్మ వల్ల.

అమ్మ ఆ వేసవిలో ఆరు నెలలకి వచ్చింది. హార్వర్డ్ స్క్వేర్‌లో వీధి కళాకారులు వాయిస్తుంటారు. కేంబ్రిడ్జ్ నగరం వాళ్లకి పర్మిట్ ఇస్తుంది. అమెరికన్ గాయని ట్రేసీ చాప్‌మన్ టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో అక్కడే పాడింది. వీధి పాటకి ఆ చౌరస్తా పేరుపడింది. మా అమ్మాయి శనివారాలు అక్కడ రెండు గంటలు వాయించేది. అమ్మమ్మ చూస్తానంటే తీసుకెళ్లాను, లోపల మాత్రం బిగుసుకుపోయి. గిటారు పెట్టె నేల మీద తెరిచి ఉంది. అందులో చిల్లర, కొన్ని ఒక డాలరు నోట్లు, ఫోన్‌తో డబ్బులు వేయడానికి ఒక క్యూఆర్ కోడ్ అట్ట. నేను పెంచిన పిల్ల ముందు దారినపోయేవాళ్లు డబ్బులు వేస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ముక్క మా అమ్మతో అనబోయాను.

అమ్మ అప్పటికే పర్సు తీసింది. ఐదు డాలర్ల నోటు మడతలు విప్పి సాపు చేసింది. మోకాళ్ల నొప్పి మనిషి, నా భుజం పట్టుకుని వంగి, రెండు చేతులతో ఆ పెట్టెలో పెట్టింది. పెట్టి ఆ చేతులు కళ్లకద్దుకుంది. నాకు ఆ వంగడం తెలుసు. ధనుర్మాసం తెల్లవారుజామున మా వీధిలోకి హరిదాసు వచ్చేవాడు. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో తంబురా, చిరతలు, కాళ్లకి గజ్జెలు. ఒక్కడే. ఎవరితో మాట్లాడడు, గుమ్మంలో ఆగి చెయ్యి చాపడు. అమ్మ సోలతో బియ్యం తెచ్చేది. మేం చిన్నపిల్లలం పోస్తామంటే ఆయన మోకాలి మీద వంగేవాడు. బియ్యం పోశాక అమ్మ చేతులు ఇలాగే కళ్లకద్దుకునేది.

ఇంటికొచ్చే దారిలో అమ్మ నారాయణదాసు గారి గురించి చెప్పింది. ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులు ఆయనే. కానీ మా తాతగారి తరం తలుచుకునేది ఆయన హరికథను. కథ ఆయనే రాసి, పాట ఆయనే కట్టి, ఆయనే పాడి, ఆయనే ఆడి, గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టేవారు. "మన ఊళ్లో పెద్ద పేరంతా ఒక్కడే నిలబడి చెప్పినవాడిదే కదే" అంది అమ్మ. వెనక సీట్లో మా అమ్మాయి గిటారు పెట్టె ఒళ్లో పెట్టుకుని వింటోంది. "అమ్మమ్మా, ఆయన ఎలా రాసేవారు? ముందు మాటా, ముందు రాగమా?" అని అడిగింది. అమ్మకి తెలియదు. నాకూ తెలియదు. ఆ ప్రశ్న వేసేది ఆ పని చేసేవాళ్లేనని మాత్రం అర్థమైంది.

అప్పటి నుంచి తను ఎలా రాస్తుందో గమనించడం మొదలుపెట్టాను. తనకి ముందు వచ్చేది మాట కాదు, రాగమూ కాదు. బొటనవేలు. కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద నడుస్తూ ఉంటుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద మాట్లాడతాయి. ఆ నడక కుదిరే దాకా రోజులు గడుస్తాయి. తర్వాత అర్థం లేని అక్షరాలు, ఆ ఊ ఓ అంటూ గొంతు దారి వెతుక్కుంటుంది. ఆ అచ్చులకి సరిపడే మాటలు ఆఖరున వస్తాయి. ఫోన్‌లో ఇలాంటి ముక్కలు వందల కొద్దీ ఉన్నాయి. వాటికి తను పెట్టుకునే పేర్లు "కిచెన్ 3", "రైల్లో, వాన", "అమ్మ తుమ్మింది". చాలా ముక్కలు పాట కావు. ఒక ముక్క రెండేళ్లు అలాగే పడి ఉండి, మరో ముక్క పక్కకి రాగానే అతుక్కుంటుంది. ఒక్క లైను కోసం మూడు వారాలు తిండి మీద ధ్యాస లేకుండా తిరిగింది ఒకసారి. పరీక్షలప్పుడు కూడా అంత పట్టుదల నేను చూడలేదు.

చెయ్యి కూడా ఒక పరికరమే. కుడిచేతి గోళ్లు కొంచెం పెంచి, సన్నటి ఫైలుతో గుండ్రంగా అరగదీసుకుంటుంది. గోరు విరిగితే ఆ వారం వాయింపు మారిపోతుంది. అంట్లు తోమేటప్పుడు కుడిచేతికి గ్లవ్ ఉండాల్సిందే. మొదట్లో సుకుమారం అనుకుని విసుక్కున్నాను. ఇక చలికాలం గిటారుకి నిజంగా గండం. ఇళ్లలో హీటర్లతో గాలి ఎండిపోతుంది, చెక్కకి తేమ 45 నుంచి 55 శాతం దాకా ఉండాలి, తగ్గితే పైచెక్క చీలుతుంది. అందుకే తీగల కింది రంధ్రంలో తడి స్పాంజి ఉన్న చిన్న గొట్టం వేలాడదీస్తుంది, రోజూ తడి చూసుకుంటుంది. ఆవకాయ జాడీలోకి తడి గరిట వెళ్లకుండా నేను ఎంత జాగ్రత్త పడతానో, ఆ తడి ఆరిపోకుండా తను అంత జాగ్రత్త పడుతుంది.

రికార్డింగు మా ఇంట్లోనే. కోట్లు వేలాడదీసే అలమర తలుపు తెరిచి, దానికి ఎదురుగా కూర్చుంటుంది. ఆ గుడ్డలు గది మోతని పీల్చేస్తాయి. రాత్రి పదకొండు దాటాక, రోడ్డు మీద కార్లు తగ్గాక మొదలు. ఫ్రిజ్ గుర్రుమనకుండా ఆపేస్తుంది. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా కారు తాళం ఫ్రిజ్‌లో పెడుతుంది, పొద్దున బయటికి వెళ్లాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు కదా. గిటారూ గొంతూ కలిపి ఒకే ఊపులో తీస్తుంది. విడివిడిగా తీసి అతికితే పొరపాట్లు దిద్దుకోవచ్చు. కానీ ఊపిరికీ వేలికీ మధ్య ఉన్న సంబంధం పోతుందని తన పట్టు. అందుకే ఒక పాటకి ఇరవై సార్లు, ముప్పై సార్లు. మేం మెట్ల మీద కూడా కాలు పెట్టం.

డబ్బు మాట కూడా చెబుతాను, చాలామంది తల్లిదండ్రులు అడిగేది అదే. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట పన్నెండు నెలల్లో వెయ్యి సార్లు వింటేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది. కొత్తవాళ్ల పాటలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే వెబ్‌సైట్‌లో అయితే శ్రోత నేరుగా కొనుక్కుంటాడు, వాళ్లు డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుంటారు. ఒక్కరు ఆల్బమ్ కొన్నా ఆ రోజు ఇంట్లో తెలిసిపోతుంది. ఇల్లు గడిచేది మాత్రం గిటారు పాఠాల మీద. ఇరవై ఆరేళ్లు నిండితే మా హెల్త్ ఇన్సూరెన్స్ కింద ఉండడానికి లేదు. ఆ పుట్టినరోజు ఈ మార్చిలో వస్తోంది, సొంత ప్లాన్ కోసం ఇప్పటి నుంచీ కాగితాలు చూసుకుంటోంది. నా కంగారు పోయిందని అనను. కానీ నెల నెలా లెక్క రాసుకుని, దేనికెంతో తెలిసి బతికే పిల్లని చూస్తే గౌరవం కలుగుతోంది.

బాధ కలిగింది మాత్రం మనవాళ్ల మధ్యే. ఒక ఉగాది వేడుకలో పాడమన్నారు. ట్రాక్ పెట్టి సినిమా పాట పాడితే బాగుంటుందన్నారు. తన పాటే పాడతానంటే నాలుగు నిమిషాలిచ్చారు. హాల్లో ప్లేట్ల చప్పుడు, పలకరింపులు, పిల్లల పరుగులు. మైకు గొంతుకే పెట్టారు, గిటారుకి లేదు. మొదటి వరుసలో ఉన్న నాకే సగం వినబడలేదు. తను ఆపలేదు, చివరి దాకా వాయించి, నమస్కారం పెట్టి దిగింది. మనకి సంగీతమంటే ప్రాణం. నిజమే. కానీ మన ఫంక్షన్లలో మెల్లని గొంతుకి చోటు లేదు. హార్వర్డ్ స్క్వేర్‌లోనే పాసిమ్ అని ఒక చిన్న హాలుంది, 1958లో క్లబ్ 47 పేరుతో మొదలైంది. అక్కడ ఓపెన్ మైక్ రాత్రి, అంటే ఎవరైనా వచ్చి పాడగలిగే రోజు, ఎవరో ముక్కూమొహం తెలియని కుర్రాడు పాడుతుంటే కూడా చెంచా చప్పుడు వినబడలేదు. అక్కడ నా బిడ్డ పాడితే తెలియనివాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. మన హాల్లో ఆ నిశ్శబ్దం దొరకలేదు. ఆ కష్టం నాకింకా తీరలేదు.

అందుకే కిందటి అక్టోబర్‌లో మా ఇంట్లోనే పెట్టాం. ఇక్కడ హౌస్ కాన్సర్ట్ అంటారు. సోఫాలు గోడకి జరిపి, కార్పెట్ మీద దుప్పట్లు పరిచాం. ఇరవై ఆరు మంది వచ్చారు, సగం మనవాళ్లు, సగం తన స్నేహితులు. గుమ్మంలో చెప్పులు విడిచి, బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మైకు లేదు. శనివారం భజనకి కూర్చున్నట్టే కూర్చున్నారు మనవాళ్లు, అలాగే నిశ్శబ్దంగా విన్నారు. ఇళ్లలో కూర్చుని వినడం మనకి ముందే వచ్చు, హాల్లోకి వెళ్లేసరికి మర్చిపోతున్నాం. అయ్యాక పులిహోర, దద్దోజనం పెట్టాను. బుట్టలో ఎవరికి తోచింది వాళ్లు వేశారు.

మూడో పాటలో నాకు ఒళ్లు జలదరించింది. బొటనవేలి నడక నాలుగు లెక్కకి రావడం లేదు. మోకాలి మీద వేళ్లు వేసి చూసుకున్నాను. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు. మిశ్రచాపు తాళం. మాటలు ఇంగ్లీషే, కథ ఎవరో బస్సు తప్పిపోయిన అమ్మాయిది. తర్వాత అడిగాను, కావాలని పెట్టావా అని. "లేదమ్మా, ఈ పాట అలాగే నడిచింది. లెక్కపెట్టాకే నాకూ తెలిసింది. చిన్నప్పుడు క్లాసులో పెద్దక్కలు ఈ తాళం వేస్తుంటే నేను బయట వెయిట్ చేసేదాన్ని కదా" అంది. తన క్లాసు ఇంకా సరళీ వరసల్లో ఉన్న రోజుల సంగతి అది. తలుపు అవతలి నుంచి విన్నది.

ఈ వారాంతం ఇంట్లోనే ఉంది. కొత్త పాట, రెండో చరణం కుదరడం లేదట. ఇప్పుడే గదిలోంచి ఆ ఆరు తీగలూ మీటింది. పప్పు ఉడికింది, మూకుడులో నూనె కాగింది, ఆవాలు చేతిలో ఉన్నాయి. స్టవ్ కట్టేసి, చిమ్నీ ఫ్యాన్ ఆపేసి నిలబడ్డాను. పోపు తర్వాత వేస్తాను.