ఆసిబొ? – వత్తాను

మాది తణుకు. ఆరేళ్ల కిందట ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో ఎడిటింగ్ పని దొరికితే వచ్చాను. పాతపట్నం దాటి కాస్త ముందుకెళ్తే చాలు, బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. బజారులో చెవిన పడేది చాలావరకు తెలుగే. అయినా బస్సు మీద ఊరి పేరు చదవడం రాక, మొదటి ఏడాదంతా పక్కవాళ్లను అడిగే బస్సెక్కాను.

ఇప్పుడు స్టూడియోలోని ఇద్దరు కుర్రాళ్లతో కలిసి నాలుగు నిమిషాల యానిమేషన్ ప్రేమకథ తీస్తున్నాను. పగలంతా పెళ్లిళ్ల పని. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా బొమ్మలు.

కథ ఇక్కడి చిన్న రైలులో జరుగుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన లైను అది, తర్వాత గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 2004లో ఆ బండి ఆగిపోయి, ఆ దారిన పెద్ద లైను పడింది. నేను దాన్ని చూడలేదు. మేం అద్దెకుంటున్న ఇంటి మామ్మగారు చెప్పగా విన్నదే. మా కథలో ఇద్దరు: పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే పని నేర్చుకోవడానికి టెక్కలిలో బండెక్కే అబ్బాయి, గుణుపురం వెళ్లే ఒడియా అమ్మాయి. ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రం.

సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా నాలుగు నిమిషాలకు 2,880 బొమ్మలు. ముగ్గురం గీయాలి. అందుకే రైలుపెట్టె లోపలి భాగం ఒక్కసారే గీసి, కిటికీలో కదిలే పొలాలను వేరే పొరగా పెట్టుకున్నాం. అమ్మాయి మాట్లాడుతుంటే అబ్బాయి వింటాడు కదా, అప్పుడు అతని కనురెప్పలు కదిలితే చాలు. నిజానికి ప్రేమలో పడ్డవాడు అలాగే కదలకుండా వింటాడు.

ఒక్క తప్పు మాత్రం గట్టిగా చేశాం. గొంతులు రికార్డు చేయకముందే పెదాలు గీసేశాం. చివరి షాట్‌లో అమ్మాయి ఒడియాలో "ఆసిబొ?" అంటుంది, వస్తావా అని. దానికి అబ్బాయి చేత "వస్తానండీ" అనిపించాను. మామ్మగారు విని, "టెక్కలోడు అలగ మాటాడతాడేటి బాబూ?" అన్నారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడ కూర్చుని మా గోదావరి మాటను ఆ పిల్లాడి నోట్లో పెట్టినందుకు సిగ్గేసింది. మూడు వారాల బొమ్మలు పక్కన పడేశాం. ముందు గొంతులు రికార్డు చేసి, స్టోరీబోర్డు బొమ్మలను, అంటే షాట్ల వరసను చూపే చిత్తు బొమ్మలను, వాటి పక్కన వరసగా పేర్చి, ఏ మాట ఎన్ని ఫ్రేములు పడుతుందో లెక్క రాసుకున్నాకే మళ్లీ పెన్ను పట్టాం.

"వత్తాను" అని మార్చి ఫ్రేము ఫ్రేముగా చూస్తుంటే అప్పుడు తెలిసింది. "వస్తానండీ" చివర పెదాలు పక్కకు సాగుతాయి. "వత్తాను" చివర గుండ్రంగా ముందుకొస్తాయి. "ఆసిబొ"కూ అంతే! బ దగ్గర మూసుకున్న పెదాలు ఒ దగ్గర గుండ్రంగా విచ్చుకుంటాయి. తెలుగు మాటల్లాగే ఒడియా మాటలూ మామూలుగా అచ్చుతోనే ముగుస్తాయి. హిందీవాళ్ల "ఘర్" ఇక్కడ "ఘొరొ" అవుతుంది. మన "ఇల్లు" చివరా పెదాలు గుండ్రమే. ఆరేళ్లుగా పరాయి భాష అని నేను దూరం పెట్టుకున్నది నా భాష ఆగే చోటికి ఇంత దగ్గరగా ఆగుతోంది.

అప్పటినుంచి ఒడియా అక్షరాలు నేర్చుకుంటున్నాను. సంభాషణల కాగితం మీద అమ్మాయి మాటలు ఇప్పుడు ఆ లిపిలోనే రాసుకుంటున్నాను.

ఇంకా నలభై సెకన్ల బొమ్మలు మిగిలాయి. రైలు పొగ, ప్లాట్‌ఫాం మీది జనం కుర్రాళ్లకు అప్పజెప్పాను. "ఆసిబొ?" అని అమ్మాయి అడిగే షాట్ మాత్రం నేనే గీస్తానన్నాను.