రెండు సరస్సుల మధ్య నాన్నకి ఒక దారి

శనివారం. పొద్దున్నుంచీ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో సన్నగా వాన. బట్టలు ఉతికి లోపలే ఆరేసి, పప్పుచారు పొయ్యి మీద పెట్టి, డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచాను. ఫోన్లో ఎంత చూసినా కాగితం మ్యాపు మీద వేలు పెట్టి చూస్తేనే నాకు దారి అర్థమవుతుంది. నాన్న, అమ్మ జూన్ రెండో వారంలో వస్తున్నారు. నాన్నతో కలిసి సైకిల్ మీద సరస్సుల దారిలో వెళ్ళాలన్నది నా మూడేళ్ళ కోరిక.

ఇక్కడ సైకిల్ దారులకి దేశమంతా నంబర్లుంటాయి. 9వ నంబరు దారి మొంత్రో నుంచి రోర్షాక్ దాకా సరస్సులను కలుపుకుంటూ పోతుంది. మొత్తం 500 కిలోమీటర్ల పైమాటే. ఎర్ర బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ, కింద ఆ అంకె. ఆ బోర్డుల వెంట పోతే మ్యాపు తీయాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. మొదట నేను అందులో ఐదు రోజుల ముక్క అనుకున్నాను. రోజుకి 50 కిలోమీటర్లు, మధ్యలో బ్రూనిగ్ కనుమ. ఆ లెక్కంతా నా కాళ్ళకి వేసుకున్నది. నాన్నకి అరవై ఏడు.

అలాగని ఆయనకి సైకిల్ కొత్త కాదు. ఆత్రేయపురం నుంచి పక్క ఊరి హైస్కూలుకి, లొల్ల లాకుల మీదుగా కాలవ గట్టు వెంట, రానూపోనూ ఇరవై కిలోమీటర్లు, ముప్ఫై ఏళ్ళు తొక్కారు. సోషల్ మాస్టారు. చిన్నప్పుడు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని, గట్టు మీద పోతూనే పాఠం చెప్పేవారు. నది వేగం తగ్గినచోట మోసుకొచ్చిన ఒండ్రు దిగిపోతుందని, అలా దిగిన మట్టి మీదే మనం ఇల్లు కట్టుకున్నామని. కోనసీమంతా గోదావరి పెట్టిన భిక్షే అనేవారు.

ఆ సరస్సుల దారిలో ఇంటర్‌లాకెన్ నా మనసులో పడింది అందుకే. ఆ పేరుకి సరస్సుల మధ్య ఊరని అర్థం. ఒకప్పుడు అక్కడ ఉన్నది ఒకటే సరస్సు. దక్షిణం నుంచి లూచినె, ఉత్తరం నుంచి లోమ్‌బాఖ్ అనే ఏర్లు కొండల నుంచి రాళ్ళూ మట్టీ తెచ్చి పోసి పోసి, నడుమ నేల పైకి తేల్చాయి. అటు తూన్ సరస్సు, ఇటు బ్రియెంజ్ సరస్సు మిగిలాయి. ఒకటి సముద్రమట్టానికి 558 మీటర్ల ఎత్తున, రెండోది 564. ఆరు మీటర్ల తేడా. ఆ మధ్య నేల మీద నాన్న సైకిల్ దిగి నిలబడితే నేనేమీ వివరించక్కర్లేదు. ఆయనే నాకు చెబుతారు.

మన వాళ్ళు చాలామంది ఇంటర్‌లాకెన్‌కి బస్సులో వస్తారు, యుంగ్‌ఫ్రావ్ కొండ మంచు మీదికి రైల్లో వెళ్ళి, ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. అదీ చూడదగ్గదే. అమ్మని తప్పకుండా తీసుకెళ్తాను. కానీ నాన్నకి ఈ నేల సైకిల్ వేగంలో కనపడాలని నాకు గట్టిగా ఉంది.

పదకొండింటికి వాన తగ్గాక సైకిల్ షాపుకి వెళ్ళాను. నా బ్రేకు ప్యాడ్లు అరిగాయి, అవి మార్పించాను. నాన్న కోసం బ్యాటరీ సైకిల్ అద్దెకి అడిగాను. గంటకి 25 కిలోమీటర్ల వరకే సాయం చేసే రకానికి లైసెన్సు అక్కర్లేదు, లైటు మాత్రం పగలైనా వెలగాల్సిందే. 2022 ఏప్రిల్ నుంచి ఇక్కడ ఆ రూలు. షాపులో ఉన్నవాటిలో కాలు ఎత్తి దాటించక్కర్లేని, నడుము వంగిన ఫ్రేము చూసి పెట్టాను. తూకం చూస్తే బాగా బరువు. రైల్లోకి ఎక్కించేటప్పుడు అది నేనే ఎత్తాలి.

వచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ మూడు దాటింది, అరుగు మీద ఉన్నారు.

"బ్యాటరీ బండి ఎందుకమ్మా, నేను తొక్కలేననా?"

"కాదు నాన్నా, ఎత్తులున్నాయి. మన గట్టులాగా చదునుగా ఉండదు."

"ఎంత ఎత్తు?"

"కనుమ 1008 మీటర్లు. బ్రియెంజ్ సరస్సు దగ్గర్నుంచి 440 మీటర్ల పైన ఎక్కాలి."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మోకాలు ఎడమది కొంచెం పట్టేస్తోందమ్మా ఈమధ్య. మెట్లు దిగేటప్పుడు," అన్నారు. నాతో ఈ మాట అనడం ఇదే మొదటిసారి. అమ్మకి తెలుసట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మ్యాపు ముందు ఊరికే కూర్చున్నాను. పప్పుచారు చల్లారిపోయింది.

తర్వాత పెన్సిలు తీసుకుని మొత్తం చెరిపి మళ్ళీ గీశాను. ఐదు రోజులు తీసేశాను. మూడు చాలు.

మొదటి రోజు రైల్లో తూన్ దాకా. మార్చి 21 నుంచి అక్టోబరు 31 దాకా ఐసీ (ఇంటర్‌సిటీ) రైళ్ళలో సైకిలుకి ముందే చోటు రిజర్వ్ చేయాలి, రెండు ఫ్రాంకులు. అది మర్చిపోతే ప్లాట్‌ఫాం మీద టెన్షన్ తప్పదు. తూన్ నుంచి దక్షిణపు ఒడ్డునే ష్పీజ్ మీదుగా ఇంటర్‌లాకెన్‌కి. ఉత్తరపు ఒడ్డు రోడ్డు అందమైనదే, కానీ కొండకి అంటుకుని సొరంగాలతో ఇరుగ్గా ఉంటుంది. నాన్న వెనక నుంచి కార్లు వస్తుంటే నాకు ప్రాణం కుదుటపడదు. ష్పీజ్ కోట కింద ద్రాక్షతోటల దగ్గర ఆగి పులిహోర తినడం. నీళ్ళకి చింత లేదు, ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ తొట్టి ఉంటుంది, తాగొద్దని బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు.

రెండో రోజు నేను ఎదురుచూసే రోజు. బ్రియెంజ్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఇజెల్ట్‌వాల్డ్ దాకా తొక్కుతాం. ఆ నీటి రంగుని ఫొటోలో చూస్తే కావాలని దిద్దారనిపిస్తుంది. పైన హిమానీనదాలు రాతిని పిండిలా అరగదీస్తాయి. ఆ పిండి ఆరె నది నీళ్ళలో కలిసొచ్చి, దిగిపోకుండా తేలుతూ, ఎండ పడితే పాలు కలిపిన నెమలిరంగులో మెరుస్తుంది. వరద గోదావరి ఎర్రనీళ్ళు చూసిన మనిషికి ఇది చూపించాలి. రెండూ కొండ కరిగిన నీళ్ళే.

ఇజెల్ట్‌వాల్డ్ దాటాక గీస్‌బాఖ్ జలపాతం దాకా దారి నిటారుగా లేస్తుంది. నేను ఒక్కదాన్నే వెళ్ళినప్పుడు దిగి తోసుకుంటూ వెళ్ళాను. ఈసారి ఆ ముక్క వద్దు. సైకిళ్ళతో సహా పడవ ఎక్కేస్తాం. జలపాతం నీళ్ళమీంచే కనపడుతుంది. పడవ బ్రియెంజ్‌లో దింపుతుంది, రాత్రి మకాం అక్కడే. 1884లో పెట్టిన కొయ్యచెక్కడం బడి ఉన్న ఊరు. 2024 ఆగస్టులో కొండవాగు బురదా బండలతో ఊరి మీద పడింది కూడా ఇక్కడే. వేసవి మధ్యాహ్నాల్లో ఈ కొండల్లో ఉరుములు హఠాత్తుగా వస్తాయి కనుక, ఏ రోజైనా రెండింటికల్లా గూటికి చేరేలా రాసుకున్నాను.

మూడో రోజు కనుమ. దాన్ని రైల్లో ఎక్కుతాం. 1888 నుంచి రంపంలా పళ్ళున్న పట్టాల మీద కొండెక్కుతున్న లైను అది. పైన బ్రూనిగ్‌లో దిగి, అక్కడి నుంచి లుంగెర్న్, గిస్విల్, జార్నెన్ దాకా పల్లమే. లుంగెర్న్ సరస్సు దగ్గర నాన్నకి ఇంకో పాఠం ఉంది. 1836లో ఊరివాళ్ళు కొండకి సొరంగం తొలిచి, సరస్సు మట్టం దించి, సాగునేల తేల్చుకున్నారు. పల్లంలో బ్రేకు అదేపనిగా బిగించకుండా పట్టి వదులుతూ రావాలి, రెండుచోట్ల ఆగి చక్రాలు చల్లారనివ్వాలి. ఆగే చోట్లు మ్యాపు మీద చుక్కలు పెట్టాను.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి కొత్త లెక్క చెప్పాను. మొత్తం 70 కిలోమీటర్లు, మూడు రోజులు, కనుమ రైల్లో. నాన్న అన్నీ విని, "ఆ రెండు సరస్సుల మధ్య నేల వెడల్పు ఎంతుంటుంది?" అని అడిగారు. ఐదారు కిలోమీటర్లు ఉంటుందన్నాను. "అది మాత్రం బ్యాటరీ ఆపి తొక్కుతాను," అన్నారు. సరేనన్నాను.

తర్వాత ఫోన్ పక్కన పెట్టి అమ్మని పిలవడం వినిపించింది. ప్యాంటు చైన్లో పడకుండా కాళ్ళకి పెట్టుకునే స్టీలు క్లిప్పులు బల్ల సొరుగులో ఉండాలట. సొరుగు లాగిన చప్పుడు, అమ్మ, "ఇవిగోనండి, రెండూ ఉన్నాయి."